స్వేచ్ఛాపాఠశాలా స్థాపనము: ఒక కార్యశాలా ప్రణాళికపై విమర్శ

ఆంగ్లభాషలో ‘ఫ్రీ స్కూలు’ అను మాట కలదు. వినుటకు అది యొక మాట. విచారింపగా మూడు మాటలు. జీతము పుచ్చుకొనక చదువు చెప్పు బడి యనుట యొక యర్థము. విద్యార్థిపై నిర్బంధము లేని బడి యనుట రెండవ యర్థము. అధికారుల అజమాయిషీకి లోబడక తన పాలన తానే చేసికొను బడి యనుట మూడవ యర్థము. 1921లో ఏ. ఎస్. నీల్ స్థాపించిన సమ్మర్‌హిల్ రెండవ యర్థమున ఫ్రీ; మొదటి యర్థమున కాదు, అచట బిడ్డను చేర్పవలెనన్న జీతము చెల్లింపవలెను. ఇంగ్లండులో 2010 నాటి అకాడమీల చట్టము ననుసరించి వెలసి, 2011 సెప్టెంబరున 24 బడులతో నారంభమైన ‘ఫ్రీ స్కూళ్లు’ ప్రభుత్వ ధనముతో నడచుచు, స్థానికాధికారుల చేతిక్రింద నుండనివి. మొదటి యర్థమునను మూడవ యర్థమునను అవి ఫ్రీ. బాలుని స్వేచ్ఛతో వాని పేరునకు నిమిత్తము లేదు.

తెలుగున నీ మూడర్థములకు మూడు మాటలు కలవు: ఉచితము, స్వేచ్ఛ, స్వతంత్రము. కావున తెలుగున నిట్టి బడిని గూర్చి మాటలాడువాడు తానేది కోరుచున్నాడో మొదటి వాక్యముననే తేల్చి చెప్పవలసి వచ్చును. ఇది మన భాష మనకు జేయు మేలు. ఆంగ్లపదమును దెచ్చి యట్లే వాడుకొన్నచో నీ మేలును పోగొట్టుకొందుము. శ్రోతలలో నొకడు జీతము లేని చదువనియు, నొకడు దండనము లేని చదువనియు, వేరొకడు తనిఖీదారు రాని బడి యనియు తలచి, మువ్వురును చప్పట్లు కొట్టి, మూడు వేర్వేరు బడులను మనస్సున నుంచుకొని యిండ్లకు బోవుదురు.

మేమీ ప్రసంగమును ఊరక యెత్తుకొనలేదు. విద్యావిషయమైన యొక మహాసభలో, పేటవారు తమ పేటలోనే ఫ్రీ స్కూలు పెట్టుకొను విధమును బోధించుటకు తొంబది నిమిషముల కార్యశాల నేర్పాటు చేయదలచి, మిత్రులు కొందరు తాము వ్రాసికొన్న ప్రణాళికను మా యభిప్రాయమునకై పంపిరి. అందు ఆరు శీర్షికలు గలవు: ఆదర్శము, చరిత్ర, భవనము, ధనము, ప్రభుత్వానుమతి, ప్రశ్నోత్తరములు. ఒక్కొక్కదానికి పదునైదు నిమిషములు. పఠనీయములుగా మూడు గ్రంథములను పేర్కొనిరి: నీల్ రచించిన ‘సమ్మర్‌హిల్’ (1960), జార్జి డెనిసన్ రచించిన ‘ది లైవ్స్ ఆఫ్ చిల్డ్రెన్’ (1969), జోనాథన్ కోజోల్ రచించిన ‘ఫ్రీ స్కూల్స్’ (1972). మిత్రుల సదుద్దేశమునందు మాకు సందేహము లేదు, ప్రణాళికయందు గలదు. ఆ సందేహములు వారికి మాత్రమే గాక యిట్టి పనికి పూనుకొను వారికందరికిని పనికివచ్చునని తలచి యిచట వ్రాయుచున్నాము.

శాస్త్రగ్రంథము నారంభించువాడు నాలుగు సంగతులు ముందుగా జెప్పవలెనని మన పూర్వులు నియమించిరి. గ్రంథ మెవరికొరకు? అది యధికారి. దేనిని గూర్చి? అది విషయము. దీనికిని దానికిని గల పొత్తేమి? అది సంబంధము. చదివినందువలన గలుగునదేమి? అది ప్రయోజనము. దీనినే అనుబంధచతుష్టయ మనిరి. గ్రంథమునకు వలసిన యీ కట్టుబాటు బడికి మరింత వలయును. ఏలన, పనికిమాలిన గ్రంథమును పాఠకుడు మూసి బల్లపై బెట్టవచ్చును. పనికిమాలిన బడిలో బిడ్డకు గడచిన యేడాది తిరిగి రాదు. మిత్రుల ప్రణాళికలో ఆరు శీర్షికలున్నను ఈ నాలుగింటిలో నొక్కటియు స్పష్టముగా లేదు. అదియే మా విమర్శలోని సారము.

మొదట విషయమును జూతము. మన దేశమున 2009లో నిర్బంధోచిత విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిలు 1వ తేదినుండి అమలునకు వచ్చెను. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి బాలునికిని బాలికకును చదువు ఉచితముగా జెప్పించుట ప్రభుత్వపు విధియైనది. బాలుని గొట్టుటయు, మనస్సు నొప్పించునట్లు వేధించుటయు ఆ చట్టమే నిషేధించినది. కావున జీతము లేదు, బెత్తము లేదు అను రెండు గుణములచేతనే మిత్రుల బడి ప్రత్యేకత పొందజాలదు. ప్రభుత్వపు బడిలో బెత్తమింకను గనబడుచున్న చోట్లు లేవని మేమనము. అచ్చోట వలసినది చట్టమును నడిపించుట. అంతేకాదు. ప్రభుత్వపు బడిలోని చిన్నవానికి మధ్యాహ్నమున అన్నము పెట్టుదురు, పుస్తకము లిత్తురు. సహాయధనము పొందని ప్రయివేటు బడికి ఆ భోజనపథకము వర్తింపదు. కూలివాని బిడ్డను ఆ బడినుండి యీ బడికి మార్చినవారు మొదటిదినమున వానికి జేసిన పని వాని యన్నము తీయుట. ఆదర్శమునకు గేటాయించిన పదునైదు నిమిషములలో ఈ సంగతి యెవరైన జెప్పుదురా?

కాబట్టి ఉచితమను మాట యొక్కటి చాలదు. స్వేచ్ఛయు కావలెనని మిత్రులందురు. కానిండు. స్వేచ్ఛ యన నేమో తెలియుటకే వారు నీల్ గ్రంథమును సూచించిరి. ఆ గ్రంథము నీల్ పూర్వరచనలనుండి యేర్చి కూర్చినది. అమెరికాలో నచ్చువడి లక్షలమందిని కదిలించినది. పాఠమునకు వచ్చుటయు మానుటయు పిల్లల యిష్టము. బడి సభలో ఆరేండ్లవానికిని ప్రధానోపాధ్యాయునికిని ఒక్కొక్క వోటే. నీల్ వాక్యములు పొట్టివి, నిర్భయములు, హాస్యముతో నిండినవి. భయపెట్టి చదివించుటయే చదువని తలచు తండ్రికి ఆ గ్రంథ మొక చల్లని నీటిచెంబు. దాని గుణమును మేము తగ్గింపము.

అయినను పేటబడి పెట్టదలచిన వానికి అది మార్గదర్శకము కాజాలదు. సమ్మర్‌హిల్ వసతిబడి, ఇల్లు విడిచి వచ్చిన పిల్లలచోటు. జీతము చెల్లింపగల తల్లిదండ్రులు వారి వెనుక నున్నారు. అట్టి బాలుడు మూడేండ్లు పాఠమునకు రాకున్నను వానికి పుస్తకములున్న యిల్లు, మాటతీరు తెలిసిన బంధువులు, మరల ప్రయత్నించుటకు ధనము కలవు. పేటలోని బాలునికి బడియే పుస్తకము, బడియే బంధువు. వాని విషయమున ‘ఇష్టమైనపుడు చదువును’ అని యూరకుండుట స్వేచ్ఛ నిచ్చుట కాదు, చేయి విడుచుట. ఈ భేదమును నీల్ గ్రంథము చెప్పలేదని దాని నేల నిందింపవలె? అది తన బడికథ చెప్పినది. నిందకు దగినది దానిని దెచ్చి వేరొక నేలపై నాటదలచు తొందరపాటు.

ఇక అధికారి. ఇట్టి బడి నెవరు స్థాపింపదగినవారు? డెనిసన్ గ్రంథము దీనికి మంచి జవాబు. న్యూయార్కు నగరపు లోయర్ ఈస్టు సైడను పేదపేటలో నడచిన ఫస్టు స్ట్రీటు బడి దాని కథావస్తువు. ఇరువదిమువ్వురు పిల్లలు; నల్లవారు, తెల్లవారు, ప్వెర్టోరికోవారు ఇంచుమించు సమానసంఖ్యలో నుండిరి. జీతము లేదు. పిల్లలలో ఇంచుమించు సగముమంది సర్కారు బడులలో చదువబ్బక, నడవడి చెడినవారని పేరుపడి వచ్చినవారు. బడి నడచినది రెండేండ్లే. కాని అందలి దినచర్యను డెనిసన్ వ్రాసిన తీరు, ఈ విషయమున మేము చదివిన గ్రంథములన్నిటిలో శ్రేష్ఠము. అతడు సిద్ధాంతమును ముందు నిలిపి పిల్లవానిని దానికి దృష్టాంతముగా జూపడు. పిల్లవానిని ముందు జూచును. సిద్ధాంతము దొరకిన చోట దొరకును, దొరకని చోట నూరకుండును.

అందు జోసే యను పదుమూడేండ్ల బాలుని వృత్తాంతము కలదు. ఏండ్ల తరబడి బడికి బోయియు చదువనేరనివాడు. అక్షరములు వానికి రాకపోవుటకు గారణము బుద్ధిమాంద్యము కాదనియు, అచ్చుపుటను జూడగానే వానికి గడచిన యవమానములన్నియు గన్నులయెదుట నిలుచుటయే యనియు డెనిసన్ గ్రహించెను. ప్రక్కన గూర్చుండి, మాటలాడి, వాని సిగ్గు తగ్గువరకు వేచియుండి, కాని పాఠమును మాత్రము మానక, అతడు చేసిన ప్రయత్నమును చదువునపుడు ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి తమ తరగతిలోని యేదో యొక ముఖము జ్ఞప్తికి రాకమానదు. జోసే పండితుడైనాడని డెనిసన్ గొప్పలు చెప్పడు. వచ్చినంతయు వచ్చినట్లు, రానిది రానట్లు వ్రాసెను. ఈ సత్యనిష్ఠయే గ్రంథమునకు ప్రాణము.

మరి లోపమేమి? ఇరువదిమువ్వురికి ముగ్గురు పూర్తికాలపు ఉపాధ్యాయులు, వారుగాక వచ్చిపోవు సహాయకులు నున్న బడి అది. ఆ నిష్పత్తిని పదేండ్లు నిలుపుట కేమి చేయవలెనో ఆ బడి యనుభవము చెప్పజాలదు. మేమీ మాట నిష్ఠురముగా వాడుటకు హేతువున్నది. అమెరికాలో 1960ల చివరను, 1970ల మొదటను వందలకొలది ఫ్రీ స్కూళ్లు పుట్టినవి; వానిలో ననేకములు ఒకటి రెండేండ్లలోనే మూతపడినవి. పెట్టినవారి కది యొక యనుభవము. ఒకబడి విడిచి వచ్చి, రెండవబడి మూతపడగా మరల మొదటిబడి గుమ్మమున నిలువబడవలసిన బాలుని కది యేమి?

నిలిచినది యొకటి కలదు. దాని కథయు మిత్రుల ప్రణాళికలో నుండదగినది. మేరీ ల్యూ అను నామె 1969లో న్యూయార్కు రాష్ట్రమునందలి ఆల్బనీ పట్టణమున, బడిలో సంతోషములేని తన కుమారునితోను మరి కొలదిమంది పిల్లలతోను ఇంటనే బడి యారంభించెను. నీల్‌కు జాబు వ్రాసెను, కోజోల్‌ను సలహా యడిగెను. జీతములపై నాధారపడిన బడి పేదలబడిగా నుండజాలదు గావున వేరొక యాదాయమార్గము జూచుకొమ్మని కోజోల్ చెప్పిన సలహాను పాటించి, పేదపేటలోని పాతయిండ్లను దక్కువవెలకు గొని, బాగుచేసి, అద్దెలకిచ్చిరి. జీతము కుటుంబముల రాబడినిబట్టి హెచ్చుతగ్గులుగా నిర్ణయించిరి. బడిలో నే బిడ్డయైనను తన కన్యాయము జరిగెనని తోచినపుడు సభను బిలువవచ్చును. ఆ సమయమున నే పని యున్నను ఆపి యందరును వచ్చి వినవలెను. ఈ బడి దశాబ్దములు నిలిచినది. దాని వయస్సునకు గారణము సభయు నద్దెయు గలిసి యుండుటయే యని మా తలంపు. సభ లేని యద్దె వ్యాపారము; అద్దె లేని సభ రెండేండ్ల ముచ్చట.

మూడవది సంబంధము. ఇచట కోజోల్ గ్రంథమును బరిశీలింపవలెను. ఇతడు బోస్టను నగరపు బడిలో నుపాధ్యాయుడై, పాఠ్యక్రమమున లేని లాంగ్‌స్టన్ హ్యూస్ పద్యమును నల్లజాతి పిల్లలకు జదివి వినిపించినందున 1965లో నుద్యోగము కోల్పోయెను. ఆ యనుభవమును వ్రాసిన గ్రంథము 1967లో వెలువడి జాతీయ పురస్కారమందెను. అటుపిమ్మట నగరపు పేదలనడుమ బడి నడిపినవారితో గలిసి పనిచేసి, ఐదేండ్లకు ‘ఫ్రీ స్కూల్స్’ వ్రాసెను. ఇల్లద్దె, అగ్నిమాపకశాఖ నిబంధనలు, లెక్కలు, చందాలు, ఉపాధ్యాయుల కలహములు, ఏదియు దాచలేదు. అన్నిటికంటె ముఖ్యముగా నొక ప్రశ్న వేసెను: ఈ బడి యెవరి ప్రక్కన నున్నది? కొండలలో, పచ్చిక బయళ్లలో, కలవారి బిడ్డలకొరకు నెలకొల్పిన స్వేచ్ఛాపాఠశాల, నగరమున మగ్గు పేదబిడ్డల సంగతి మరచుటకు మంచి సాధనమని యతని యాక్షేపణ. బడి చిన్నదిగా నుండవలె, పేదలపేటలో నుండవలె, పత్రికలలో బడకుండ నుండవలె నని యతని మతము.

ఈ ప్రశ్న సత్యమైనది. కాని దానిని సంధించిన విధమున కోజోల్ కొంత యన్యాయము చేసెనని మేము తలచుచున్నాము. తన పక్షమున లేనివారిని పరిహసించుటయందు అతని కలము మిక్కిలి వేడి. పల్లెబడి పెట్టినవాడు పారిపోయినవాడే యని తీర్పు చెప్పినచో, పల్లెలోనే పుట్టి పల్లెలోనే యుండి బడి పెట్టినవాని స్థానమేది? సంబంధమును చోటునుబట్టి కొలుచుట చాలదు; కట్టుబాటునుబట్టి కొలువవలెను. పేటలో నద్దెకు గది పుచ్చుకొన్నంతనే పేటవారు కాజాలము.

కట్టుబాటెట్టిదో చూపుటకు అమెరికానుండియే వేరొక యుదాహరణ మిచ్చెదము. అది మిత్రుల పట్టికలో లేనిది, కార్యశాల యను పేరునకు అన్నిటికంటె దగినది. టెన్నెసీ రాష్ట్రమున 1932లో స్థాపింపబడిన హైలాండరు జానపద విద్యాలయమున, ఊళ్లనుండి వచ్చిన సామాన్యజనులు తమ కష్టములను దామే చెప్పుకొని తామే మార్గములు వెదకుకొను కార్యశాలలు జరుగుచుండెను. 1954లో నట్టి యొక కార్యశాలకు సెప్టిమా క్లార్కు అను నుపాధ్యాయురాలు దక్షిణ కెరొలైనాలోని జాన్స్ ద్వీపమునుండి ఈసా జెంకిన్సు అను నతనిని వెంటబెట్టుకొని వచ్చెను. సభావిషయము ఐక్యరాజ్యసమితి. జెంకిన్సు లేచి, తన యూరివారికి వోటు కావలెననియు, రాజ్యాంగములోని భాగమును జదివి చూపినగాని వోటరుగా జేర్చుకొనరనియు, వారికి జదువు రాదనియు, బడి కావలెననియు జెప్పెను. ప్రణాళికలో లేని మాట. కాని అచటివారు దానినే పట్టుకొనిరి.

బడి యారంభమైనది 1957 జనవరిలో. నడుమ రెండేండ్లకు మించి పట్టినది. ఆ కాలమున హైలాండరువారు పలుమార్లు ద్వీపమునకు బోయిరి, వడ్డిలేని యప్పిచ్చిరి, ద్వీపవాసుల సంఘ మొక పాతభవనమును గొని, వీథివైపున సహకార దుకాణము పెట్టి, వెనుకగదిలో పాఠము పెట్టెను. దుకాణము తెల్లవారి కన్నులబడకుండ మరుగైనది, ఆదాయమార్గమునైనది. బోధించుటకు బెర్నిస్ రాబిన్సను అను నామెను నియమించిరి. ఆమె కేశాలంకారవృత్తి చేసికొనునది, ఉపాధ్యాయురాలు కాదు. మొదటిరాత్రి వచ్చిన పదునలుగురు పెద్దలను ‘మీకేమి నేర్చుకొన వలెనని యున్నది’ అని యడిగెను. తమ పేరు వ్రాయుట, బైబిలు చదువుట, డబ్బు పంపు కాగితములను నింపుట కావలె ననిరి. ఆమె యవియే చెప్పెను. వానినుండియే రాజ్యాంగ పాఠమునకు నడిపించెను. అటువంటి బడులు దక్షిణరాష్ట్రములంతట వ్యాపించినవి.

మన తెలుగువారిలో నీ క్రమ మెరుగనివారు లేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, కొండలమీది సవరలకు జదువు చెప్పదలచినపుడు, మొదట జేసినది బడి కట్టుట కాదు. ఒక సవరను తమ యింట నుంచుకొని అతని భాష నేర్చుకొనుట. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసిరి, సొంతధనముతో బడులు పెట్టిరి. వందలాది యోజనముల దూరమున నున్న వేరొక కాలపు రాబిన్సనును పంతులుగారును ఒకరినొకరెరుగరు. ఇరువురును బోధించుటకు ముందు విన్నవారు. సంబంధ మనగా నిది.

నాలుగవది ప్రయోజనము. స్వేచ్ఛాపాఠశాలల గ్రంథములలో దీనినిగూర్చి యొక మొగమాటము కనబడును. చదువుట వ్రాయుట లెక్కించుట యను మూడింటిని బలవంతపు చదువునకు గుర్తులుగా భావించి, వాని పేరెత్తుటకే సందేహింతురు. కోజోల్ గ్రంథమున మాకు మిక్కిలి మెచ్చుదగినదిగా దోచినది అతడీ మొగమాటమును ఛేదించుట. చదువు వచ్చిన ఉపాధ్యాయుడు, పేదతల్లి తన బిడ్డకు జదువు చెప్పుమని ప్రాధేయపడుచుండగా, ‘వానికి దోచినపుడు నేర్చును’ అని చెప్పుట వినయము కాదనియు, తనకున్న దానిని పంచుకొననొల్లమి యనియు అతని వాదము. పేదలు తమ బిడ్డలకు బడి కోరునది చదువు కొరకు. ఆ కోరికను మన్నింపని బడి యెంత స్వేచ్ఛ నిచ్చినను వారి బడి కాదు.

అట్లని యక్షరమే ప్రయోజనమని ముగింపరాదు. మిసిసిపీ రాష్ట్రమున 1964 వేసవిలో నడచిన ఫ్రీడం స్కూళ్లను దలచుకొందము. వాని పాఠ్యక్రమమును నిర్ణయించుటకు ఆ మార్చిలో న్యూయార్కులో నొక సమావేశము జరిగినది. అందు దయారైన పాఠ్యక్రమము, జవాబులకంటె ప్రశ్నలను ముందిడినది: మీరున్న స్థితి యేది, దాని నెవరు నిలుపుచున్నారు, తెల్లవారికున్న వానిలో మీకు వలసిన వేవి, మీకున్న వానిలో మీరు నిలుపుకొనదలచిన వేవి. వేయిమంది వత్తురని యెంచగా రెండువేలకు మించి వచ్చిరి. నలుబదికి మించి బడులు చర్చిలలో, వసారాలలో, చెట్లక్రింద నడచినవి. ఆగస్టులో మెరిడియను పట్టణమున ఆ బడుల విద్యార్థుల ప్రతినిధులే సమావేశమై, ఇండ్లనుగూర్చియు, వోటునుగూర్చియు, బడులనుగూర్చియు తీర్మానములు చేసిరి. మార్చినాటి పెద్దల సమావేశమునకు సరియైన పరీక్ష ఆగస్టునాటి పిల్లల సమావేశము. బడి ప్రయోజనమును దానికంటె జక్కగా మేము నిర్వచింపలేము.

ఆ వేసవికి వెలయెంతయో కూడ చెప్పవలెను. ఫ్రీడం స్కూలునకు జోటిచ్చుటకు సమ్మతించిన మౌంట్ జియాన్ చర్చిని జూన్ 16న దగులబెట్టిరి. ఆ బూడిదను జూచి, సభ్యులను పలుకరించి వచ్చుచున్న చేనీ, గుడ్‌మన్, ష్వెర్నరు అను మువ్వురు యువకులను జూన్ 21న జంపిరి. వేసవి ముగియగానే, బయటినుండి వచ్చిన బోధకులలో ననేకులు తమ కళాశాలలకు మరలిపోయిరి. ఊరివా రూరనే యుండిరి. బడి పెట్టుటవలన గలుగు ప్రమాదము నెవరు భరింతురను ప్రశ్న ఉన్నత విషయము కాదని మిత్రులు త్రోసివేయరాదు. మన పేటలో నట్టి ప్రాణభయము లేకుండవచ్చును. జాతిభేదమును దాటి యొక చాపపై బిడ్డలను గూర్చుండబెట్టిన బడికి ఇల్లద్దె కిచ్చినవానిపై నే యొత్తిడియు రాదని మాత్ర మెవరు హామీ యీయగలరు?

ఇన్ని ప్రశ్నలు వేసినచో బడి పెట్టువా డెవడుండునని మిత్రు లడుగుదురు. ఈ యాక్షేపణ సామాన్యమైనది కాదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించునపుడు ఫలితము ముందే తెలిసిన వారెవరు? ఆల్బనీలో నామె యింట కొలదిమంది పిల్లలతోనే గదా మొదలిడినది? నిజమే. చిన్నగా నారంభించుటకు మే మడ్డురాము. మా ప్రశ్నలు బడి పరిమాణమును గూర్చినవి కావు. తల్లిదండ్రులకు మన మిచ్చు మాటను గూర్చినవి. సాయంకాలము రెండుగంటలు చదువు చెప్పుదు మన్నవాడు ఆ రెండుగంటలకే బాధ్యుడు. ‘నీ బిడ్డను ఆ బడి మాన్పించి మా బడికి బంపు’ మన్నవాడు ఆ బిడ్డ పదియేండ్ల భవిష్యత్తునకు బాధ్యుడు. ఈ రెంటినడుమ గల యంతరము ప్రణాళికలో మొదటి పంక్తిగా నుండవలెను.

చట్టమును ఆ యంతరమునే పాటించుచున్నది. గుర్తింపు పత్రము లేక బడి నడుపరాదని 2009 నాటి చట్టములోని 18వ సెక్షను. నడిపినచో లక్షరూపాయలవరకు జరిమానా. ఒకటినుండి ఐదువరకు తరగతులకు ఏటికి 200 దినములు, 800 గంటలు, ఆరునుండి ఎనిమిదివరకు 220 దినములు, 1000 గంటలు బోధన యుండవలెను. కావున మిత్రులు కోరునది పూర్తిబడియా, బడికి తోడైన సాయంకాలపు చదువా యని తేల్చుకొనకయే భవనమును వెదకుట తలక్రిందులైన పని.

ఇక మా సూచనలు. కార్యశాలకు ఒంటరిగా నెవరిని రానీయవద్దు. ఒక్కొక్క పేటనుండి మువ్వురు రావలెను, అందొకరు తప్పక తల్లియో తండ్రియో కావలెను. తొంబది నిమిషములను ఆరు ముక్కలు చేయక మూడు చేయుడు. మొదటి యరగంట, వచ్చినవారు తమ పేటను వర్ణింపవలెను: నడచిపోదగిన దూరమున బిడ్డలెందరు, బడికి బోనివా రెవరు, ఏల పోరు, ఇంట నే భాష, మధ్యాహ్న మేమి తిందురు. రెండవ యరగంట, మూడేండ్ల జమాఖర్చులు వ్రాయవలెను. చందాలను మాత్రము నమ్మి వ్రాసిన జమను కొట్టివేయుడు. మూడవ యరగంట, ఒక్కొక్కరు తామెరిగిన యొక బిడ్డను, పేరు చెప్పకుండ, చదువురాని కారణముతో సహా వివరింపవలెను. ఉపన్యాసములు వలదు, గ్రంథములను ముందే చదివి రమ్మనుడు. నీల్‌ను సంతోషమునకును, డెనిసన్‌ను శ్రద్ధకును, కోజోల్‌ను హెచ్చరికకును చదువవచ్చును. సభ ముగిసిన పిదప ఆరునెలలకు ఆయా పేటలకు బోయి చూచువా రెవరో యా దినముననే నిర్ణయింపుడు. హైలాండరు కార్యశాలనుండి జాన్స్ ద్వీపమునకు బడి నడచి వచ్చినది ఆ రాకపోకలవలననే.

చివరగా నొక నియమము. బడి తెరుచుటకు ముందే, ఆ బడి మూతపడినచో నందలి బిడ్డలు మరునాడెచటికి బోవుదురో, వారి పత్రములెవరి చేతనుండునో, పుస్తకముల ఖర్చెవరు భరింతురో యొక కాగితముపై వ్రాసి, పేటవారి యెదుట జదివి, సంతకములు చేయవలెను. శుభమా యని బడి పెట్టుచు నీ యశుభపు మాటయేమని కొందరనవచ్చును. ఓడ నడుపువాడు ప్రాణరక్షణపు పడవలను కట్టుకొని బయలుదేరుట యశుభము కాదు. ఆ కాగితము వ్రాయజాలనివారు సాయంకాలపు చదువుతో మొదలిడుట మేలు; అందు సిగ్గుపడవలసినది లేదు.

తెలుగున ‘ఉచిత’ మన వెల లేనిదని వాడుచున్నాము. సంస్కృతమున ఆ పదమునకు దగినది యని యర్థము. మిత్రుల బడి మన వాడుకలోని యర్థమున మాత్రమే గాక ఆ పాత యర్థమునను ఉచితము కావలెనని మా కోరిక: ఆ పేటకు, ఆ భాషకు, ఆ తల్లుల యాశకు దగినది కావలె. సవరించిన ప్రణాళిక వచ్చినచో మరల జదివి మా యభిప్రాయము తెలుపుదుము.